సీటు వచ్చింది సరే, చదువు సాగాలి కదా

ఇంటర్ ఫలితాలు, ఆ వెనకే ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో మందమర్రి మార్కెట్ వైపు ఒకసారి నడిచి చూడండి. కరెంటు స్తంభానికి ఒకటి, చౌరస్తాకు ఒకటి చొప్పున ఫ్లెక్సీలు కనిపిస్తాయి. పిల్లల ఫోటోలు, కింద మార్కులు, పక్కన కాలేజీ పేరు ఉంటాయి. తల్లిదండ్రులు ఆగి చూసుకుంటారు, ఫోన్లో ఫోటో తీసుకుంటారు. చూస్తున్న మనకూ సంతోషంగానే ఉంటుంది. డిసెంబర్‌లో అదే దారిన నడిస్తే, ఆ ఫ్లెక్సీలో చూసిన ముఖం ఒకటి సెల్‌ఫోన్ షాపు కౌంటర్ వెనక కనిపిస్తుంది. "కాలేజీ లేదా?" అని అడిగితే "లేదు సార్, వచ్చేసిన" అంటాడు, అంతకు మించి చెప్పడు. మళ్లీ పోతావా అంటే తల వంచుకుంటాడు. సీటు వచ్చినప్పుడు ఊరంతటికీ తెలుస్తుంది. మధ్యలో వచ్చేస్తే ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ రోజు ఈ పిల్లల గురించే మాట్లాడతాను.

బొగ్గు బాయి మీద బతికే ఊళ్లలో పై చదువు ఇంత అవసరంగా ఎప్పుడు మారిందో ముందు చెప్పాలి. 1990ల మొదట్లో సింగరేణిలో 1 లక్షా 16 వేల మంది దాకా పనిచేసేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. బొగ్గు తగ్గిందా అంటే లేదు. 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్ట పట్టుకున్న చేతుల స్థానంలో డంపర్లు, షావెళ్లు వచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు వెళ్లింది. కేకే-5, కాసిపేట గనుల్లో ఇంకా మనుషులు కిందికి దిగుతున్నారు, కాదనను. కానీ ఒక క్వార్టర్లో ముగ్గురు కొడుకులుంటే ముగ్గురికీ బాయి మీద పని దొరికే కాలం పోయింది. మందమర్రిలోనైనా, గోదావరిఖనిలోనైనా, రామకృష్ణాపూర్‌లోనైనా అదే పరిస్థితి.

అయినా ఆ కాలం మన ఇళ్లలోంచి పూర్తిగా పోలేదు. కారుణ్య నియామకం అన్నది ఒకటుంది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కో బిడ్డకో ఉద్యోగం వస్తుంది. రోగం వచ్చిన కార్మికుడి కుటుంబానికి అది అన్నం పెట్టే హక్కు. దాన్ని నేను ఒక్క మాట కూడా అనను, అది ఉండాలి. అయితే దాని నీడలో ఇంకొకటి జరుగుతున్నది. ఇంటర్ పాసైన పిల్లవాడు డిగ్రీలో పేరు రాయించుకుంటాడు కానీ మనసు పెట్టడు. నాన్న మెడికల్ బోర్డుకు ఎప్పుడు వెళ్తాడా అని చూస్తుంటాడు. తండ్రి అనారోగ్యం మీద కొడుకు భవిష్యత్తు ఆధారపడటం ఎంత బాధాకరమో ఆ ఇంట్లో వాళ్లకు తెలుసు, పైకి అనలేరు. అట్లా ఐదారేళ్లు గడిపి, ఉద్యోగం రాక, చదువూ లేక మిగిలిపోయినవాళ్లు ప్రతి వాడకట్టులో ఉన్నారు.

మన దగ్గర కార్మికుడంటే ఒకే రకం కాదు. 2024 సెప్టెంబర్‌లో లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు వచ్చాయి. దాదాపు 25 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులకు తలా 5 వేలు ఇచ్చారు. కాంట్రాక్ట్ కార్మికులకు అట్లా ఇవ్వడం అదే మొదటిసారి. వాళ్లంతా ఒకే దుమ్ము పీలుస్తారు. పిల్లలూ పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కాలేజీ మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒకరికి తండ్రి జీతం అండ, ఇంకొకరికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒక్కటే అండ.

ఆ స్కాలర్‌షిప్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు కౌన్సెలింగ్ రోజు దాకా దాన్ని సరిగ్గా తెలుసుకోరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే ఈ పథకం ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉండగా వచ్చింది. దానివల్ల ఇంజనీరింగ్ చదివిన మొదటి తరం ఈ జిల్లాలో వేలల్లో ఉంది. ఎవరు కాదన్నా ఇది నిజం. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వం భరిస్తుంది. పదివేల లోపు ర్యాంకు వంటి మినహాయింపులేవీ లేని బీసీ పిల్లవాడికైతే ఏడాదికి 35 వేలు వస్తాయి. కాలేజీ ఫీజు 85 వేలుంటే మిగతా 50 వేలు ఇంటి నుంచి పోవాలి. నాలుగేళ్లకు 2 లక్షలు. మట్టి తీసే కాంట్రాక్టులో పనిచేసే మనిషికి అది ఎంత బరువో లెక్క వేసి చెప్పక్కర్లేదు. పర్మినెంట్ కార్మికుడేమో ఆదాయ పరిమితి దాటిపోతాడు కనుక ఈ పథకంలోకే రాడు.

ఆ వచ్చేదైనా వేళకు రావడం లేదు. ప్రభుత్వం నుంచి కాలేజీలకు బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. 2025లో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసం బంద్ కూడా పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఆ బాకీని మధ్యలో మోసేది విద్యార్థి. "ముందు నువ్వు కట్టు, సర్కారు పైసలు వచ్చినాక నీకు తిరిగి ఇస్తం" అని కాలేజీ ఆఫీసులో చెప్తారు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆ కిటికీ ముందు నిలబడి ఏం జవాబు చెప్పగలదు?

ఇంటి పక్కనే ఉండే ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పేరు చెప్పను, కాలేజీ పేరూ వద్దు. తండ్రి కాంట్రాక్ట్ పని, తల్లి ఇళ్లలో పని. పదో తరగతి దాకా సర్కారు బడి. ఇంటర్ గురుకులం. హైదరాబాద్ శివార్లలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. సర్టిఫికెట్లన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టుకొని, ఆ కవర్‌ను చున్నీ కింద దాచుకొని వానలో బస్సెక్కిన పిల్ల. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ పోయింది, ఇంకో రెండు సబ్జెక్టులు పోయాయి. తరగతిలో ఇంగ్లిష్ అర్థమయ్యేదట, అయితే లెక్చరర్లు మాట్లాడే వేగానికి చేయి రాయలేకపోయేదట. హాస్టల్ మెస్ బిల్లు రెండు నెలలది ఆగింది. స్కాలర్‌షిప్ రాలేదు. పరీక్ష ఫీజు గడువు దాటింది, ఆలస్య రుసుము పడింది. హాజరు 75 శాతం కంటే తగ్గింది, దానికి మళ్లీ వేరే ఫీజు. అన్నీ కలిపితే పది వేలు కూడా లేవు. పిల్ల ఎవరికీ చెప్పకుండా సంక్రాంతికి ఇంటికి వచ్చి ఇక వెళ్లలేదు.

చాలా రోజుల తర్వాత ఆ తల్లి నాతో అన్న మాట మరిచిపోలేను. "పైసలు తక్కువైనయని ఒక్క మాట చెప్తే నేను ఎక్కడన్న తెచ్చుకొచ్చేదాన్ని సార్. నా చెవుల కమ్మలు లేవా? నన్ను ఇబ్బంది పెట్టద్దని చెప్పనే లేదు." పిల్లను అడిగితే, "అమ్మకు ఇంకెన్నిసార్లు ఫోన్ చేయాలె సార్" అన్నది. తెలివి తక్కువై ఆగిపోయిన చదువు కాదది. పది వేల రూపాయలు, ఒక ఫోన్ కాల్ సమయానికి అందక ఆగిపోయింది. నా అనుభవంలో మన బొగ్గుబెల్టు పిల్లలు కాలేజీ వదిలేది ఎక్కువగా ఇట్లాంటి చిన్న మొత్తాల దగ్గరే, అదీ మొదటి ఏడాదిలోనే. రెండో ఏడాది దాటినవాళ్లు కిందా మీదా పడైనా గట్టెక్కుతారు.

ఇట్లా చిన్న బాకీల దగ్గర ఆగిపోయే పిల్లలను నిలబెట్టిన చోటు ఒకటి చెప్తాను. అమెరికాలో అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉంది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే నగరమే. అక్కడ పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదువుతారు. 2003 నాటి లెక్కల ప్రకారం అక్కడ చేరినవాళ్లలో ఆరేళ్లలో డిగ్రీ పూర్తి చేసేవాళ్లు నూటికి 32 మందే. ఎందుకు వెళ్లిపోతున్నారని వాళ్లు తమ లెక్కలు తామే తీసి చూసుకున్నారు. ప్రతి సెమిస్టర్‌లో వెయ్యి మందికి పైగా పేర్లు ఫీజు బాకీ కింద కొట్టేస్తున్నట్లు తేలింది. అందులో ఎన్నో బాకీలు కొద్ది వందల డాలర్లే. 2011 నుంచి ఒక పని మొదలుపెట్టారు. మంచి మార్కులుండి చిన్న బాకీ మిగిలిన విద్యార్థికి, వాళ్లు దరఖాస్తు పెట్టకుండానే, యూనివర్సిటీయే ఆ బాకీ కట్టేస్తుంది. సగటున వెయ్యి డాలర్ల లోపు. ఆ తర్వాత ప్రతి విద్యార్థి చదువు తీరు రోజూ చూసే పద్ధతి పెట్టారు. ఎవరైనా జారుతున్నట్లు కనిపిస్తే ఒక సలహాదారు పిలిచి మాట్లాడతారు. పూర్తి చేసేవాళ్లు నూటికి 54 దాకా పెరిగారు. దరఖాస్తు పెట్టకుండానే అన్నది నాకు ముఖ్యంగా అనిపించింది. అడగడానికి సిగ్గుపడే పిల్లల దగ్గరికి సాయం తనే నడిచి వచ్చింది.

అంత దూరం ఎందుకంటారా, తమిళనాడును చూడండి. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయ్యే పిల్లలకు ఇంజనీరింగ్ ట్యూషన్ ఫీజు రాయితీ అక్కడ 2010 నుంచే ఉంది. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు వైద్య సీట్లలో 7.5 శాతం 2020లో కేటాయించారు. మరుసటి ఏడాది ఇంజనీరింగ్‌కూ తెచ్చారు. 2022లో ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి వెళ్లిన ప్రతి ఆడపిల్లకు నెలకు వెయ్యి రూపాయలు నేరుగా ఖాతాలో వేసే పథకం వచ్చింది. వెయ్యి రూపాయలేనా అనిపించవచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లను అడగండి, నెలనెలా తప్పకుండా వచ్చే వెయ్యి విలువ ఏమిటో చెప్తుంది.

మన దగ్గర ఏమీ జరగలేదని అనడం అన్యాయం. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం, ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి పట్టుబట్టి నిలబెట్టిన సాంఘిక సంక్షేమ వసతి చదువులు, ఆ తర్వాత ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉండగా విస్తరించిన గురుకులాలు, 2016లో మొదలైన మహిళా గురుకుల డిగ్రీ కళాశాలలు, ఇవన్నీ లేకపోతే నేను చెప్పే పిల్లలు కాలేజీ గేటు దాకా కూడా వచ్చేవాళ్లు కారు. మనకు పక్కనే బెల్లంపల్లిలో సాంఘిక సంక్షేమ గురుకులం సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. కూలీల పిల్లలు అక్కడి నుంచి ఐఐటీలకు, ఎన్‌ఐటీలకు వెళ్తున్నారు.

బాసర కూడా మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాదే. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ అది. పదో తరగతి కాగానే తీసుకొని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీరింగ్ చదివిస్తారు. ప్రవేశంలో ప్రభుత్వ బడి పిల్లల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపే పద్ధతి పెట్టారు. ఒకే మార్కు రెండు చోట్ల ఒకే విలువ చేయదని ఒప్పుకున్న ఏర్పాటు అది. ట్యూషన్లు, ఏసీ గదులు, స్టడీ అవర్లు ఉన్న చోట వచ్చిన 9, లెక్కల సారు సగం ఏడాది లేని బడిలో వచ్చిన 9 ఒకటి కావు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1997లో ఇట్లాంటి ఆలోచనతోనే ప్రతి హైస్కూల్లో పైనున్న 10 శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్రవేశం ఖాయం చేస్తూ చట్టం తెచ్చింది. ప్రవేశం విషయంలో బాసర గొప్ప మెట్టు. అయితే 2022 జూన్‌లో అక్కడి వేలాది విద్యార్థులు వానలో తడుస్తూ దాదాపు వారం రోజులు ప్రధాన ద్వారం దగ్గర కూర్చున్నారు. వాళ్ల 12 డిమాండ్లలో చాలావరకు తిండి, వసతి, అధ్యాపకులు, శాశ్వత వైస్ చాన్స్‌లర్ వంటివే. లోపలికి తీసుకున్న పిల్లలను లోపల సరిగ్గా చూసుకోవాలని అడిగారు, అంతే. ఆ పిల్లల క్రమశిక్షణ చూసి నాకు గర్వంగా అనిపించింది, ఆ డిమాండ్లు చూసి గుండె కలుక్కుమంది.

సింగరేణి సంగతికి వస్తాను. కంపెనీ చదువుకు డబ్బు పెట్టదని ఎవరూ అనలేరు. నస్పూర్‌లో పాలిటెక్నిక్ నడుపుతున్నది, కొత్తగూడెంలో మహిళా కళాశాల నడుపుతున్నది. రామగుండం మెడికల్ కాలేజీకి నిధులిచ్చింది, అక్కడ ఉద్యోగుల పిల్లలకు 5 శాతం సీట్లు వచ్చాయి. 2024 జులైలో రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం పేరుతో, యూపీఎస్సీ ప్రిలిమ్స్ పాసైన ఈ రాష్ట్రపు పేద అభ్యర్థులకు తలా లక్ష రూపాయలు ఇచ్చే పథకం తెచ్చింది. మంచి పనే, దాన్ని ఆపమని నేననను. అయితే ప్రిలిమ్స్ పాసయ్యే మనిషి అప్పటికే డిగ్రీ దాటి ఎంతో దూరం వచ్చినవాడు. అదే లక్షను పది భాగాలు చేస్తే, మొదటి ఏడాది పరీక్ష ఫీజు దగ్గర, మెస్ బిల్లు దగ్గర ఆగిపోయే పది మంది కాంట్రాక్ట్ కార్మికుల పిల్లలు కాలేజీలోనే ఉంటారు. ఏరియా జీఎం ఆఫీసులో ఒక బల్ల, ఒక గుమస్తా, ఒక చిన్న నిధి ఉంటే చాలు. కాలేజీ నుంచి బాకీ చీటీ తెస్తే రెండు రోజుల్లో డబ్బు నేరుగా కాలేజీకే వెళ్లాలి. బొగ్గు ఈ నేల కింద నుంచే వస్తున్నది, దాన్ని మోసేవాళ్లలో కాంట్రాక్ట్ మనిషీ ఉన్నాడు. కార్మిక సంఘాల నాయకులను కూడా ఇదే కోరుతున్నాను. గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు ఇళ్లస్థలాలు, లాభాల వాటా గురించి మాట్లాడతారు, ఈ మాట కూడా ఒకటి చేర్చండి.

ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే. అందరి బకాయిలు ఒకేసారి తీర్చలేకపోతే, మొదటి ఏడాది పిల్లలవి మొదట తీర్చండి, అదీ మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువుకు ముందే. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. మందమర్రి నుంచి మంచిర్యాలకో, బెల్లంపల్లికో రోజూ వెళ్లి డిగ్రీ చదివే అమ్మాయిలకు అది చేసిన మేలు బస్టాపులో నిలబడితే కళ్లకు కనిపిస్తుంది. చిన్న ఖర్చు తీసేస్తే ఎంత పెద్ద అడ్డు తొలగుతుందో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

ఇక తల్లిదండ్రులకు నాలుగు మాటలు. మన మందమర్రిలో ఏజెన్సీ ప్రాంతపు చిక్కు వల్ల చాలామందికి ఇంటి పట్టా లేదు. "పట్టా లేనోళ్లకు బ్యాంకు లోన్ ఏమిస్తది" అని ముందే చేతులెత్తేస్తారు. 4 లక్షల లోపు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అవసరం లేదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. మేనేజర్ లేదంటే, లేదన్న మాట కాగితం మీద రాసివ్వమని అడగండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఆపి పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే దరఖాస్తు రాసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ముద్ర ఉన్న కాగితం చేతిలో ఉంటే తర్వాత ఎవరి దగ్గరికైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం సీటు వచ్చాక మీసేవ ముందు క్యూలో నిలబడి తెచ్చుకోవద్దు, మే నెలలోనే తెచ్చుకోండి. బ్యాంకు ఖాతా పిల్లల పేరు మీద ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. స్కాలర్‌షిప్ రెన్యువల్ ప్రతి ఏడాదీ చేయాలి, ఒకసారి చేస్తే నాలుగేళ్లకు సరిపోదు. ఇది తెలియక రెండో ఏడాది డబ్బు పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

రిటైర్ అయి మందమర్రిలోనే ఉండిపోయిన టీచర్లు, ఓవర్‌మెన్లు, ఆఫీసు గుమస్తాలు చాలామంది ఈ ప్రసంగం వింటుంటారు. ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలూ హైదరాబాద్‌లో, బెంగళూరులో, అట్లాంటాలో ఉన్నారు. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ కాలేజీలోనో, వరంగల్ కాకతీయ యూనివర్సిటీలోనో చదివి పైకొచ్చినవాళ్లున్నారు. ఈ జూన్‌లో మీ వాడకట్టు నుంచి ఏ పిల్ల, ఏ పిల్లవాడు కాలేజీకి వెళ్తున్నారో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాసుకోండి. ఒక్కరు చాలు. చేరిన నెలకు ఒకసారి, దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి, పరీక్ష ఫీజు గడువుకు వారం ముందు ఒకసారి మాట్లాడండి. "ఎట్ల చదువుతున్నవ్ బిడ్డా" అని అడిగితే "మంచిగనే" అంటారు, అందరూ అదే అంటారు. "పరీక్ష ఫీజు కట్టినవా? మెస్ బిల్లు ఎంతుంది? ఏ సబ్జెక్ట్ అర్థమైతలేదు? హాజరు ఎంత శాతం?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఆ రోజే వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి వెళ్లండి.